రత్నమ్మవ్వ వద్దన్న భోజనం

2023వ సంవత్సరం, వానలు ఇంకా సరిగ్గా పట్టని జూన్ నెల. నారాయణఖేడ్ దగ్గర ఒక పాత గడిలో తెరిచిన రెస్టారెంట్‌లో నేను కెప్టెన్‌ని. కెప్టెన్ అనగానే మా చుట్టాలు ఓడ నడిపే మనిషినో, క్రికెట్ జట్టు పెద్దనో ఊహించుకుంటారు. మా వృత్తిలో కెప్టెన్ అంటే కొన్ని టేబుళ్లకు పెద్దదిక్కు. అతిథి వచ్చి కూర్చున్నప్పటి నుంచి చేతులు కడుక్కుని లేచేదాకా ఆయన బాగోగులన్నీ చూసుకోవాలి. వంట చెఫ్‌ది, వడ్డన స్టీవార్డ్‌ది, మాట నాది. మాట మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ ఎక్కువే.

హైదరాబాదులో పెద్ద హోటళ్లలో చాలా ఏళ్లు చేశాక, సొంత ఊళ్లోనే ఇలాంటి చోటు తెరుస్తున్నారని తెలిసి తిరిగి వచ్చాను. ఖేడ్‌లో తెల్లబట్ట పరిచిన బల్ల మీద అన్నం ఎవరు తింటారక్కా అని మా తమ్ముడు పగలబడి నవ్వాడు. వాడి నవ్వు సంగతి ఎలా ఉన్నా, గడిని చూసిన రోజే నా మనసు అక్కడ పడిపోయింది. ఒకప్పుడు దొరల కుటుంబం ఉన్న ఇల్లు అది. వాళ్లు పోయాక పైకప్పు కుంగి, మేకలు తిరిగి, గబ్బిలాలు కాపురం పెట్టిన కొంపను హైదరాబాదు నుంచి వచ్చిన ఇప్పటి యజమానులు ఓపికగా నిలబెట్టారు. టేకు స్తంభాలు, ఇత్తడి బొడిపెల తలుపు, పెద్ద హాలులో వరుసగా కమానులు, గోడలకు సిమెంటు తగలని గానుగ సున్నం. ఆ గోడ మీద అరచేయి ఆనిస్తే నడి ఎండాకాలంలో కూడా నీళ్ల కుండ మీద చేయి పెట్టినట్టుండేది. పొద్దున డ్యూటీకి రాగానే ఎవరూ చూడకుండా ఒకసారి ఆ గోడను ముట్టుకునేదాన్ని.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాదు వాళ్లు, బీదరు వైపు కార్లలో పోయేవాళ్లు. ఖేడ్ జనం గేటు ముందు ఫోటోలు దిగి వెళ్లిపోయేవారు. లోపలికి రండి అంటే, మళ్లెప్పుడన్నా వస్తంలే అని నవ్వేవారు. అందుకే ఒక మధ్యాహ్నం, లంచ్ అయిపోయి డిన్నర్ మొదలుకాని ఖాళీ సమయంలో, మాసిన లుంగీ కట్టుకున్న ఒకాయన నేరుగా హాలులోకి వచ్చి గోడ దగ్గర నిలబడితే నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

"ఎవరు కావాలి అన్నా?" అన్నాను.

"టేబుల్ కావాలె చెల్లె. ఐతారం పగటికి."

పేరు దేవదానం, మనూర్ దగ్గర పల్లె. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన అరచేత్తో గోడను తడుముతుంటే, రోజూ నేను చేసే పని ఈయనా చేస్తున్నాడే అనుకున్నాను. నా చూపు గమనించి సిగ్గుపడ్డాడు. "గీ గోడ నేను రుద్దిందే. ఈ హాలు మొత్తం మా జట్టుదే" అన్నాడు. గడిని బాగుచేసినప్పుడు సున్నం పని చేసిన మేస్త్రి ఆయన. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మీరు వస్తున్నట్టు మా మేనేజర్ సారుకు చెప్తాను అన్నా, ఆయన మిమ్మల్ని ప్రత్యేకంగా చూసుకుంటారు అన్నాను.

"చెప్పకు. ఆ దినం నేను మేస్త్రిని కాదు, పిల్ల తండ్రిని" అన్నాడు దేవదానం.

అప్పుడు అసలు సంగతి బయటికి వచ్చింది. ఆయన కూతురు షారోను ఖేడ్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. కల్హేర్‌లో లైన్‌మన్‌గా పనిచేసే ప్రభుదాసుకు ఆ పిల్లను అడిగారు. ఇద్దరూ చర్చిలో పాటలు పాడే జట్టులో కలిసినవాళ్లే, ఒకరంటే ఒకరికి ఇష్టమే. అబ్బాయి తల్లిదండ్రులు కూడా ఒప్పుకున్నారు. మిగిలింది అబ్బాయి నాయనమ్మ, రత్నమ్మవ్వ.

"అవ్వ ఇంకా ఏమంటలేదు చెల్లె. ఆమె సరే అంటెనే పెండ్లి. లేకుంటె లేదు. ఆ ఇంట్ల గట్లనే నడుస్తది. ఐతారం వస్తమన్నరు."

"ఇంటి దగ్గరే పెట్టుకోకపోయారా అన్నా? పెద్దవాళ్లు ఇల్లు కూడా చూస్తారు కదా."

"షారోను తల్లి లేదు. ఇంట్ల ఆడదిక్కు అదొక్కతే. వండుడు అదే, వడ్డించుడు అదే అయితె, దాన్ని చూడనీకె వచ్చినోళ్లకు దాని మొఖం కనవడేదెప్పుడు? ఒక్కపూట అది గూడ కూసోవాలె. అందుకే ఈడికి." గోడ మీంచి చేయి తీసి, "పిల్లకు ఆ పిలగాడంటె పానం. ఇది తప్పిపోతె నేను దాని మొఖం చూడలేను" అన్నాడు.

నేను నా వృత్తిధర్మం ప్రకారం ధైర్యం చెప్పాను. "మీరు వచ్చి ఊకె కూసోండ్రి అన్నా. లేచే పనే లేదు. అన్నీ మేమే చూసుకుంటం" అన్నాను. ఆయన తేలికపడిన మొహంతో వెళ్లాడు.

కథ ముందుకు పోయే ముందు మా పనిలోని ఒక కట్టుబాటు చెప్పాలి. మా దగ్గర ఏ వంటకమైనా అతిథిని ఒక్కసారే అడుగుతాం. వద్దంటే చిరునవ్వుతో తప్పుకుంటాం. మళ్లీ అడగడం, ప్లేట్లో పడేయడం మా ట్రైనింగ్‌లో పెద్ద తప్పు. ఎవరికి షుగరో, ఎవరికి ఉపవాసమో, ఎవరికి డాక్టరు ఏది మాన్పించాడో మనకేం తెలుసు? ఆ కట్టుబాటు మంచిదేనని ఇప్పటికీ అంటాను. ఇంకొకటి, వంటకాల గిన్నెలు అతిథుల బల్ల మీద పెట్టం. పక్కన సైడ్ స్టేషన్ అని ఒక చిన్న బల్ల ఉంటుంది. గిన్నెలన్నీ దాని మీద ఉంటే, స్టీవార్డ్ అక్కడి నుంచి తెచ్చి వడ్డిస్తాడు. అతిథి చేయి చాపాల్సిన అవసరం రాకూడదు, అదీ లెక్క.

ఆ ఆదివారం వాళ్ల టేబుల్‌కు నేను తేజ్‌ను పెట్టాను. డార్జిలింగ్ కొండల నుంచి వచ్చిన తేజ్ మా స్టీవార్డ్‌లందరిలోకీ చేతి ఒడుపు ఉన్నవాడు. నిండు గిన్నె పట్టుకుని నడిచినా చుక్క తొణకదు. తెలుగు పెద్దగా రాదు గానీ మర్యాదలో అతనికి వంక పెట్టలేం.

చర్చి ఆరాధన అయ్యాక వాళ్లు వచ్చారు. దేవదానం ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో ఉన్నాడు. షారోను చిలకాకుపచ్చ చీరలో, అరచేతుల చెమటను కొంగుకు తుడుచుకుంటూ ఉంది. కాసేపటికి కల్హేర్ నుంచి ఆటో వచ్చి ఆగింది. ప్రభుదాసు, అతని అమ్మానాన్నలు, అందరికంటే ముందు రత్నమ్మవ్వ. నీలం అంచు తెల్లచీర, చంకలో బైబిలు సంచి, నిటారు మనిషి.

"అవ్వా, మెల్లగ. గడప ఎత్తున్నది" అన్నాడు ప్రభుదాసు.

అవ్వ గడప ముందు ఆగిపోయింది. తలుపును కింది నుంచి పైదాకా చూసింది. "మా అత్త గీ గడపకాడ చెప్పులు చేతుల వట్టుకొని నిలవడుతుండె. పొద్దంత పని జేసినా లోపల్కి రానియ్యకపోదురు" అంది. అవ్వ తన కాళ్ల వైపు చూసుకుంది. చెప్పులు విడుస్తుందేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె విడవలేదు. గడప దాటి, నాపరాళ్ల మీద చెప్పులు టపటప మోగేలా హాలు నడిమధ్య నుంచి నడిచి వెళ్లి పెద్ద కుర్చీలో కూర్చుంది. డ్యూటీలో ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను గానీ నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

కూర్చోగానే షారోను మీద పడింది.

"ఏం చదువు చెప్తవు?"

"లెక్కలవ్వా."

"పిల్లగాళ్లను కొడ్తవా?"

"కొట్ట. గని గట్టిగ ఒర్లుత" అంది షారోను. ప్రభుదాసు నవ్వు ఆపుకోలేక నీళ్ల గ్లాసు ఎత్తుకున్నాడు. అవ్వ నవ్వలేదు గానీ పిల్లను ఇంకోసారి చూసింది.

భోజనానికి ముందు ప్రార్థన చేసింది అవ్వే. పంటలతో మొదలుపెట్టి, వానను అడిగి, సంఘ పెద్దల జబ్బులు ఒక్కొక్కటీ తలుచుకుని, "ప్రభువా, ఈ పిల్ల మనసు నీకే ఎరుక, మాకు గూడ జర ఎరుక జెయ్యి" అనే దాకా వెళ్లింది. తేజ్ పొగలు కక్కే మక్కజొన్న షోర్బా పట్టుకుని వచ్చి, ఆ మూసిన కళ్లు చూసి, ఏం చేయాలో తెలియక గిన్నెతో సహా తలవంచి నిలబడ్డాడు. నేనూ కళ్లు మూసుకున్నాను. మా ఇంట్లో కూడా ఇంతే, ఆమెన్ అనేసరికి పులుసు చల్లబడేది.

తర్వాత వరండా వైపు ఉన్న హైదరాబాదు బృందం నన్ను పిలిచింది. ఫోటోలు తీయమన్నారు, దూలాల గురించి అడిగారు. నేను తిరిగి హాలులోకి వచ్చేసరికి కొంత ఆలస్యమైంది. మా పనిలో మనుషుల మొహాలకంటే ముందు ప్లేట్లు చదవడం నేర్పుతారు. ఏ ప్లేట్లో ఏది మిగిలింది, ఎవరు దేన్ని పక్కకు నెట్టారు, ఎవరు తొందరగా ముగించారు అన్నీ అక్కడే కనిపిస్తాయి. నేను ఆ బల్ల వైపు చూసి ఉలిక్కిపడ్డాను. రత్నమ్మవ్వ ప్లేటు బీరువాలోంచి తీసినట్టు తెల్లగా ఉంది. పెద్దామె ముట్టలేదు కాబట్టి కోడలు ముట్టలేదు, భార్య ముట్టలేదు కాబట్టి కొడుకు ముట్టలేదు. ప్రభుదాసు షోర్బాను చెంచాతో తిప్పుతూనే ఉన్నాడు. షారోను తలెత్తడం లేదు. దేవదానం మొహంలో నెత్తురు లేదు.

తేజ్‌ను పక్కకు పిలిచి ఏమైందని అడిగాను. "అమ్మ అన్నీ వద్దన్నారు దీదీ. షోర్బా వద్దన్నారు, రొట్టె వద్దన్నారు, మటన్ వద్దన్నారు. నేను ఒక్కసారి కూడా బలవంతం చేయలేదు" అని హిందీలో ఎంతో సంతోషంగా చెప్పాడు. అతను చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. నేను నేర్పినట్టే చేశాడు.

నాకు అప్పుడు సంగతి అర్థమైంది. మా ఇళ్లలో పెద్దమనిషి ఎవరూ మొదటిసారి అడగ్గానే ప్లేటు చాపరు. అందులోనూ సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లు అస్సలు చాపరు. చాపితే తిండికోసం వచ్చినట్టుంటుంది. వద్దనడం వాళ్ల మర్యాద, వద్దన్నా వినకుండా పెట్టడం ఇంటివాళ్ల మర్యాద. ఆ పెనుగులాట అయ్యాకే అన్నం నోట్లోకి పోతుంది. వద్దనగానే గిన్నె వెనక్కి పోయిందంటే, మీరు తింటే ఎంత, తినకపోతే ఎంత అని మొహం మీద చెప్పినట్టే. అలాంటిది ఆ గిన్నె అవ్వ ముందుకు చిరునవ్వుతో వచ్చి, చిరునవ్వుతో వెనక్కి పోయింది, వంటకం తర్వాత వంటకం.

దేవదానాన్ని చేతులు కడిగే చోటికి పిలిచాను. "ఏందన్నా ఇది? నువ్వు ఒక్క మాటంటె ఒక్క మాట అంటలేవు?" అని ఊరి భాషలోనే అడిగేశాను.

"ఏమనాలె చెల్లె?" అన్నాడు. "గిన్నె నా దగ్గర లేదు. గంటె నా చేతుల లేదు. ఉత్త చేతులతోని తినుండ్రి తినుండ్రి అంటె అది అడిగినట్టా? ఆ పిలగాడు మంచిగనే అడుగుతుండు. ఆమె వద్దంటున్నది, గతను పోతుండు. లేసి గుంజుకుందామంటె ఈడ బాగుంటదో లేదో. నువ్వే అంటివి గద, లేసే పని లేదని."

ఇంతలో హాలులోంచి అవ్వ గొంతు వినిపించింది. "ఇగ పోదాం పా బిడ్డా. వానొచ్చేటట్టున్నది." కిటికీలోంచి చూస్తే ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఆమె కొడుకు కుర్చీ వెనక్కి జరుపుతున్నాడు.

నేను పరుగులాంటి నడకతో బల్ల దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా, బగారన్నం ఇప్పుడే దిగుతున్నది. ఒక్క గడియ" అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. లేవలేదు, కుర్చీలోకి వెనక్కి వాలనూ లేదు.

దేవదానాన్ని మళ్లీ కూర్చోమని, కిచెన్‌లోకి వెళ్లి చెఫ్ యూసుఫ్ భాయ్‌ని నల్లి బొక్కలు, అంటే మూలుగుండే ఎముకలు, ఉన్నాయా అని అడిగాను. మా ఫైన్ డైనింగ్ పద్ధతిలో మటన్‌ను బొక్క లేకుండా వండుతారు. చేతులు, బట్టలు పాడుకాకుండా తినే ఏర్పాటు అన్నమాట. బొక్కలన్నీ యఖ్నీకి, అంటే ఉడికించి రసం తీయడానికి పోతాయి.

"ఉన్నయి. గని అవి యఖ్నీకి పెట్టిన. మన దగ్గరికొచ్చి బొక్క ఎవడు జుర్రుతడు సుగుణా?" అన్నాడు యూసుఫ్ భాయ్.

"ఒక అవ్వ జుర్రాలె భాయ్. లేకుంటె ఒక పెండ్లి తప్పుతది."

"పెండ్లా? మొదలు గా మాట చెప్పొద్దా!" అని ఆయన గంజు మూత ఎత్తాడు. మూలుగ నిండిన బొక్కలు ఏరి, మసాలాలో మళ్లీ ఒక పొంగు రానిచ్చి, రాగి హండీలో పోశాడు. పక్కన ఇంకో గిన్నెలో వేడివేడి బగారన్నం కుప్పగా పెట్టాడు. ఆయన చేతిలో ఆ పని జరగడం చూస్తుంటే నాకే నోరూరింది. మంచి వంటవాడికి పెండ్లి అనే మాట చాలు, మిగతాదంతా చెప్పనక్కరలేదు.

నేను హండీని, అన్నం గిన్నెను సైడ్ స్టేషన్ మీద పెట్టలేదు. నేరుగా బల్ల నడిమధ్యన దించాను. ఆ తర్వాత మా వృత్తిలో ఎవరూ చేయకూడని పని చేశాను. గరిటెను దేవదానం చేతిలో పెట్టాను.

"అన్నా, నీ ఇల్లే అనుకో. లే" అన్నాను. దూరంగా మా మేనేజర్ కళ్లతోనే ఏమిటిదని అడిగాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

సున్నానికి పగుళ్లిచ్చిన ఆ చేయి గరిటె మీద బిగుసుకుంది. అంతే, అప్పటిదాకా కుర్చీలో కుంచించుకుపోయిన మనిషి నిలబడేసరికి ఎంత పొడుగో నాకు కనిపించింది. గరిటె నిండా అన్నం తీసుకుని నేరుగా అవ్వ దగ్గరికి వెళ్లాడు.

"పెద్దమ్మా, జరంత."

"వద్దయ్యా. కడుపు నిండింది."

"ఏం తిన్నవని నిండె? నీళ్లతోని నిండెనా?"

"నాకు షుగరున్నది దేవదానం."

"షుగర్‌కు తెల్వనంత వేస్తలే."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ ప్లేటు మీద అరచేయి అడ్డం పెట్టింది. "వద్దంటె వినవా?"

"వినను. చెయ్యి తియ్యి పెద్దమ్మా. తియ్యకుంటె చెయ్యి మీదనే వేస్త మల్ల."

అవ్వ వేళ్లు కొంచెం జరిగాయి. జరిగిన సందులోంచి అన్నం పడింది. "గింతనే, గింతనే! ఓ దేవదానం, నీ పాడుగాను, గుట్ట వేసినవు గద!" అని ఆమె కేకలు పెడుతుండగానే ఆయన నల్లి బొక్క ఏరి పైన పెట్టాడు. అవ్వ మాట ఆగిపోయింది. బొక్కను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, విదేశీ పింగాణీ ప్లేటు అంచుకు టకటకమని కొట్టింది. వరండాలోని హైదరాబాదు వాళ్లందరూ తిరిగి చూశారు. ప్లేటు ఏమవుతుందోనని తేజ్ ఊపిరి బిగబట్టాడు. ఆమె మూలుగ జుర్రిన చప్పుడు హాలు చివరిదాకా వినిపించింది. సంగీతం పెట్టీ, దీపాలు పెట్టీ మేము ఆ హాలుకు తేవాలని చూసిన కళ ఆ ఒక్క చప్పుడుతో వచ్చింది.

ఇక కోడలు తిన్నది, కొడుకు తిన్నాడు, ప్రభుదాసు అయితే ఎవరూ అడగకముందే ప్లేటు చాపాడు. దేవదానం బల్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. "ఇంక జర, ఇంక జర" అంటూ, వద్దన్నవాళ్లను మందలిస్తూ, ఇస్త్రీ చొక్కా మీద పులుసు మరకలు పడుతున్నా పట్టించుకోకుండా వడ్డించాడు. ఎన్నో ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అంత అందంగా వడ్డించిన మనిషిని నేను చూడలేదు.

కడుపు చల్లబడ్డాక అవ్వ నోరు విప్పింది.

"ఇంతసేపు ఏడవోయినవు దేవదానం? నేనైతె లేసి పోయేదాన్ని. పిల్లనిస్తనన్న మనిషికి మాకింత పెట్టే మనసు లేదు, అందుకే హోటల్ల కూసోవెట్టి చేతులు కట్టుకున్నడు అనుకున్న."

"అట్ల కాదు పెద్దమ్మా..."

"కాదని ఇప్పుడు తెలిసె గద. ఆగు, చెప్పనియ్యి." మనవడి వైపు వేలు చూపించింది. "గీడున్నడు చూడు, వీడు మా లెక్కనే. ఆకలైతది గని అడగడు. అలిగిండంటె రెండు పూటలు నీళ్లు దాగి ఉంటడు. వద్దన్నంక గూడ పెట్టేటోళ్లు ఉండాలె వీనికి. మీ ఇంట్ల గసుంటి చెయ్యి ఉన్నదా లేదా అని చూడనీకె వచ్చిన నేను. మీ గోడలు చూడనీకె రాలె."

ఆ గోడలు ఎవరు రుద్దారో ఆమెకు అప్పటికీ తెలియదు. దేవదానం చెప్పలేదు. నేను నోరు తెరవబోయి, ఆయన వైపు చూసి మూసుకున్నాను.

అప్పుడే అవ్వ కళ్లు షారోను ప్లేటు మీద పడ్డాయి. చూడటానికి వచ్చినవాళ్ల ముందు పిల్ల తినకూడదని ఎవరు నేర్పారో, ఆ పిల్ల ఒక్క మెతుకు ముట్టలేదు.

"నువ్వేందే? ప్లేటు కడిగినట్టున్నది?"

"వద్దవ్వా. నాకు ఆకలైతలేదు" అంది షారోను.

రత్నమ్మవ్వ రెండు చేతులు బల్ల మీద ఆనించి లేచి నిలబడింది. దేవదానం చేతిలోంచి గరిటె లాక్కుంది.

"ఆకలైతలేదట! నా ముంగటనా నీ వేషాలు?" అని అన్నం తీసి ప్లేట్లో వేసింది. పిల్ల చేయి అడ్డం పెట్టబోతే ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "తిను. మా ఇంటికొచ్చినంక గూడ కొన్ని దినాలు నేనే పెడ్త. అలవాటైనంక నువ్వు పెట్టు నాకు. నేను వద్దంట. నువ్వు ఇనకు."

పెండ్లికి అవ్వ ఇచ్చిన మాట అదే. షారోను కళ్లలో నీళ్లు అన్నంలో పడ్డాయి. ప్రభుదాసు పైకప్పు దూలాలను ఎంతో శ్రద్ధగా చూశాడు. నాకు మాత్రం దాచుకోవడం చేతకాలేదు, సైడ్ స్టేషన్ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

దేవదానం కుర్చీలో కూలబడ్డాడు. పొద్దుటి నుంచి ఆయన కూడా ఏమీ తినలేదని ఎవరికీ గుర్తు లేదు, ఒక్క తేజ్‌కు తప్ప. తేజ్ అన్నం గిన్నెతో వెళ్లి ఆయన పక్కన వంగాడు. ఆయన తలెత్తకుండానే వద్దన్నట్టు చేయి ఊపాడు. తేజ్ కదల్లేదు. చిరునవ్వు కూడా నవ్వలేదు. "థోడా సా, అంకుల్, కొంచెం" అని, జవాబు కోసం చూడకుండా వడ్డించేశాడు.

పంటలు ఇళ్లకు చేరాక వాళ్ల పెండ్లయింది. ఆ ఆదివారం సాయంత్రం మేనేజర్ నన్ను పిలిచి, అతిథి చేతికి గరిటె ఎలా ఇచ్చావని నిలదీశాడు. చేయి కాలితే ఎవరిది బాధ్యత అన్నాడు. ఆయన అడిగినదీ న్యాయమే. నేను వాదించలేదు. ఆ బల్ల దగ్గరి ఖాళీ హండీని చూపించాను. ఆయన కాసేపు దాన్ని చూసి, సరే, ఇకమీదట ముందుగా నాకు చెప్పు అని వెళ్లిపోయాడు.

కొత్త స్టీవార్డ్‌లకు ఒక్కసారే అడగమని ఇప్పటికీ నేర్పుతున్నాను. అయితే దానితోపాటు, అడుగుతున్నది ఎవరిని, ఆ బల్ల దగ్గర భోజనం పెడుతున్నది ఎవరు అని చూసుకోమని కూడా చెబుతున్నాను. మనుషులను హాయిగా కూర్చోబెట్టడమే నా వృత్తి అని అంతకుముందు అనుకునేదాన్ని. మా దగ్గరికి తినడానికి వచ్చేవాళ్లే కాదు, తమవాళ్లకు పెట్టుకోవడానికి వచ్చేవాళ్లూ ఉంటారని, వాళ్లను కుర్చీకి అతికించేస్తే వాళ్ల పండుగను మనం లాక్కున్నట్టేనని దేవదానం వల్ల తెలిసింది. ఇప్పుడు ఎవరైనా టేబుల్ బుక్ చేయడానికి వస్తే, ఎంతమంది వస్తారని అడిగిన తర్వాత, వడ్డించేది మేమా మీరా అని కూడా అడుగుతున్నాను.